గాలి లెక్క తేలాలంటే చలి కావాలి

వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ ఏటా సుమారు 2.5 పీపీఎం చొప్పున పెరుగుతోంది. ప్రతి పది లక్షల గాలి అణువుల్లో కొత్తగా రెండో మూడో వచ్చి చేరుతున్నాయన్నమాట. ఇప్పుడు విశాఖపట్నం లాంటి సముద్రతీర నగరంలో ఒక వానాకాలపు రోజును తీసుకుందాం. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, తేమ 75 శాతం. ఆ గాలిలో ప్రతి వంద అణువులకు మూడు నీటి ఆవిరివే ఉంటాయి. ఆ నీరు మిగతా వాయువులన్నిటినీ అంతమేరకు పలచన చేస్తుంది. పొడిగాలిలో 425 పీపీఎం ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఈ తేమగాలిలో 412 దగ్గర తేలుతుంది. ఐదేళ్ల పెరుగుదల మొత్తం చెమ్మలో కలిసిపోయింది. మర్నాడు పొడిగాలి వీస్తే అదే పరికరం కార్బన్ డయాక్సైడ్ అమాంతం పెరిగిందని చెబుతుంది.

అందుకే ప్రపంచమంతటా ఈ లెక్కలను పొడిగాలిలో ఎంత అన్న నిష్పత్తిగానే చెబుతారు. ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టుకున్న లక్ష్యం ఇంకా కఠినమైనది. ఉత్తరార్ధగోళంలో వేర్వేరు కేంద్రాల కార్బన్ డయాక్సైడ్ కొలతలు ఒకదానితో ఒకటి 0.1 పీపీఎం లోపు సరిపోలాలి. మీథేన్‌కైతే 2 పీపీబీ, అంటే వంద కోట్లలో రెండు. ఇంత కచ్చితత్వం గురించి మాట వచ్చినప్పుడు లేజర్ల పేర్లు, ఉపగ్రహాల పేర్లు వినిపిస్తాయి. వాటి వెనక పనిచేసే చలి యంత్రాల ఊసు పెద్దగా ఉండదు. కానీ లేశమాత్ర వాయువుల కొలతలో చాలా చోట్ల అసలు కష్టం చల్లబరచడం దగ్గరే ఉంది. ఎంత చల్లబరచాలి, ఎక్కడ ఆగాలి అన్నది తేల్చుకోవడంలోనే సగం శాస్త్రం ఇమిడి ఉంది.

నీరు ఆగాలి, వాయువు సాగాలి

తేమను తీసేయడానికి అన్నిటికంటే నమ్మకమైన దారి గాలిని చల్లని గొట్టం గుండా పంపడం. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమ్మ పట్టినట్టే, గాలిలోని ఆవిరి ఆ గొట్టం గోడకు అతుక్కుపోతుంది. దీన్నే కోల్డ్ ట్రాప్ అంటారు. అయితే ఎంత చల్లగా ఉంటే సరిపోతుంది? మైనస్ 40 డిగ్రీల దగ్గర మంచు మీద నుంచి లేచే ఆవిరి గాలిలో ఇంకా సుమారు 127 పీపీఎం మిగిలి ఉంటుంది. దానివల్ల కార్బన్ డయాక్సైడ్ లెక్కలో వచ్చే తప్పు 0.05 పీపీఎం. అనుమతించిన తేడాలో సగం ఇక్కడే ఖర్చైపోయింది. మైనస్ 70కి దించితే మిగిలే నీరు 3 పీపీఎం కూడా ఉండదు, తప్పు లెక్కలోకే రాదు. చాలా కేంద్రాలు మైనస్ 70, మైనస్ 80 మధ్య ట్రాప్ నడపడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక సందేహం సహజంగానే వస్తుంది. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడే. దాని ఉష్ణోగ్రత మైనస్ 78.5 డిగ్రీలు. అంత చలిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కూడా గడ్డకట్టి, కొలవాల్సినదే పోతుంది కదా? పోదు. మైనస్ 78.5 అన్నది శుద్ధమైన వాయువు ఒక వాతావరణ పీడనం దగ్గర ఉన్నప్పటి సంగతి. గాలిలో దాని వాటా పది లక్షల్లో నాలుగు వందల చిల్లర మాత్రమే. అంత పలచగా ఉన్నప్పుడు అది మంచుగా మారాలంటే మైనస్ 140 దాకా దిగాలి. నీరు దాదాపు పూర్తిగా ఆగిపోయే మైనస్ 70కీ, కార్బన్ డయాక్సైడ్ ఆగిపోవడం మొదలయ్యే మైనస్ 140కీ మధ్య ప్రకృతి ఇంత ఖాళీ వదిలింది కాబట్టే ఈ పద్ధతి ఇంత సులువుగా పనిచేస్తోంది.

కాగితం మీద సులువే. తేమ ప్రాంతాల్లో నడపడం వేరే సంగతి. ముందు చెప్పిన విశాఖ గాలిలో ఘనమీటరుకు సుమారు 23 గ్రాముల నీరు ఉంటుంది. పరికరం నిమిషానికి అర లీటరు గాలి పీల్చుకుంటే రోజుకు 720 లీటర్లు, అందులో నీరు 16 గ్రాములు. సన్నటి గొట్టంలో అంత మంచు పేరుకుంటే గాలికి దారే ఉండదు. అందుకని రెండంచెల్లో చల్లబరుస్తారు. ముందు గాలిని రెండు మూడు డిగ్రీల దగ్గర మామూలు శీతలీకరణలో తిప్పితే మూడొంతుల తేమ నీళ్లుగానే కారిపోతుంది. ఆ నీళ్లను చిన్న పంపు బయటికి తోడేస్తుంది. మిగిలిన పావు వంతే మైనస్ 70 ట్రాప్‌కి చేరుతుంది. అయినా అది ఎప్పటికైనా నిండుతుంది కాబట్టి ట్రాప్‌లు రెండు పెట్టి, ఒకటి కరిగిస్తున్నప్పుడు రెండోదాన్ని వాడుకోవచ్చు. ట్రాప్ నిండుతున్న సంగతి గాలి ప్రవాహం తగ్గడంలో తెలుస్తుంది. కరెంటు పోతే మాత్రం పరిస్థితి ఘోరం. పట్టిన మంచంతా కరిగి, ఆవిరై, పరికరం వైపే ప్రయాణం కడుతుంది. బ్యాటరీతో పరికరాన్ని నడిపించి, ట్రాప్‌ను మాత్రం కరెంటుకు వదిలేస్తే ఆ కొన్ని గంటల డేటా పనికిరాదు.

సీసాల్లో గాలి పట్టి దూరపు ప్రయోగశాలకు పంపే చోట తేమ ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. సీసా గోడ మీది నీటితో కార్బన్ డయాక్సైడ్ తన ఆక్సిజన్ పరమాణువులను మార్చుకుంటుంది. మొత్తం పరిమాణం పెద్దగా మారకపోయినా, ఆ వాయువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఐసోటోపు ఆనవాళ్లు, అంటే ఒకే మూలకం పరమాణువుల బరువుల్లో ఉండే తేడాలు, చెరిగిపోతాయి.

వాయువునే పట్టుకోవడం

నీటిని ఆపడం ఒక పని, కొలవాల్సిన వాయువునే గడ్డకట్టించి చేతికి తెచ్చుకోవడం ఇంకో పని. 1950లలో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్ కాలిఫోర్నియాలో చేసింది ఈ రెండోదే. గాజు సీసాల్లో పట్టిన గాలిని ద్రవ నైట్రోజన్‌లో ముంచిన గొట్టం గుండా లాగి, కార్బన్ డయాక్సైడ్‌ను గడ్డకట్టించి, మిగతా గాలిని పంపేసి, పట్టిన వాయువును పీడనం చూపే పాదరస మానోమీటర్‌తో కొలిచేవాడు. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆక్సిజన్ మైనస్ 183 దగ్గరే ద్రవమైపోతుంది. గాలిని మామూలు పీడనంతో అందులోకి పంపితే గొట్టంలో లేత నీలం రంగు ద్రవ ఆక్సిజన్ చేరుతుంది. అది కొలతను పాడుచేయడమే కాదు, వేడెక్కినప్పుడు గాజు పరికరాన్ని పేల్చేయగలదు, నూనె గానీ గ్రీజు గానీ తగిలితే మంటే. అందుకే ఇలాంటి వ్యవస్థల్లో పీడనం తగ్గించి, గాలిని నెమ్మదిగా లాగుతారు. అప్పుడు ఆక్సిజన్ వాయువుగానే సాగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రమే ఆగుతుంది. దానితోపాటు నైట్రస్ ఆక్సైడ్ కూడా దాదాపు పూర్తిగా పట్టుబడుతుంది. రెండింటి అణుభారం 44 కావడంతో విడదీయడమూ కష్టమే. ఎంత ఉందో విడిగా తెలుసుకుని లెక్కలోంచి తీసేయాల్సిందే.

1958 మార్చిలో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద నిరంతర కొలత మొదలైనప్పుడు కీలింగ్ పరారుణ విశ్లేషకానికి, అంటే పరారుణ కాంతిని వాయువు ఎంత పీల్చుకుంటుందో చూసి లెక్క చెప్పే పరికరానికి, మారాడు. మొదటి కొలత 313 పీపీఎం. అక్కడ కూడా గాలి పరికరంలోకి వెళ్లే ముందు చల్లని ట్రాప్ దాటి వెళ్లాల్సిందే. ఈరోజు ప్రపంచమంతా చూసే ఆ పైకి ఎగబాకే గీత మొదటి చుక్క నుంచీ ఎండబెట్టిన గాలిదే. ఆ పరికరాన్ని సరిచూసే ప్రామాణిక సిలిండర్ల విలువలు కూడా గడ్డకట్టించి మానోమీటర్‌తో కొలిచే పద్ధతిలోనే తేల్చారు. పరారుణ కాంతి వేగంగా చెబుతుంది, కానీ అది చెప్పేది నిజమో కాదో తేల్చింది ద్రవ నైట్రోజనే.

గాలి మొత్తాన్నీ గడ్డకట్టించి దాచుకునే పద్ధతి ఒకటుంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవి కొసన ఉన్న కేప్ గ్రిమ్‌లో 1978 నుంచి ఇది నడుస్తోంది. 35 లీటర్ల స్టీలు ట్యాంకును ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి, దక్షిణ సముద్రం మీదుగా వచ్చే శుభ్రమైన గాలిని అందులోకి వదులుతారు. గాలి ద్రవమై లోపల చేరుతుంది. మూత బిగించి మామూలు ఉష్ణోగ్రతకు తెస్తే, దాదాపు వెయ్యి లీటర్ల గాలి ఆ ట్యాంకులో ఒదిగి ఉంటుంది. ఇలా చేసినవాళ్ల దూరదృష్టికి చేతులెత్తి దండం పెట్టాలి. అప్పట్లో కొలవడానికి పరికరమే లేని వాయువులను దశాబ్దాల తర్వాత ఆ ట్యాంకులు తెరిచి కొలుస్తున్నారు. టీవీ తెరలు, చిప్‌ల తయారీలో వాడే నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ అలాంటిదే. 2008లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని గాలిలో మొదటిసారి కొలిచినప్పుడు, అప్పటి అంచనాలకు దాదాపు నాలుగు రెట్లు ఉన్నట్టు తేలింది. అది ఎప్పటినుంచి ఎలా పెరిగిందో పాత గాలి లేకుండా చెప్పడం అసాధ్యం.

హైదరాబాద్ మీద 30 కిలోమీటర్ల ఎత్తున

ఈ చరిత్రలో తెలుగు నేలకు నిజమైన వాటా ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ హైదరాబాద్‌లో 1969 నుంచి బెలూన్ కేంద్రం నడుపుతోంది. అక్కడి నుంచి 1987లో, 1990లో, ఆ తర్వాత 1994లో క్రయోజెనిక్ శాంప్లర్లు, అంటే అతి చలితో గాలిని పట్టే పరికరాలు, ఓజోన్ పొర ఉండే పై వాతావరణమైన స్ట్రాటోస్ఫియర్‌కి వెళ్లాయి. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు కలిసి మొదలుపెట్టిన పని ఇది. ఓజోన్ పొరను తినేసే సీఎఫ్‌సీలు ఉష్ణమండలం మీద ఎంత ఎత్తున ఎంత ఉన్నాయో చెప్పే అరుదైన కొలతలు వీటినుంచి వచ్చాయి. భూమి దగ్గరి గాలి స్ట్రాటోస్ఫియర్‌లోకి ముఖ్యంగా ఎక్కేది ఉష్ణమండలంలోనే. ఐరోపా మీద ఎన్ని బెలూన్లు ఎగరేసినా ఈ ప్రవేశద్వారం దగ్గరి సంగతి తెలియదు. 17.5 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న హైదరాబాద్‌కు అందుకే అంత విలువ.

30 కిలోమీటర్ల ఎత్తున గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో ఎనభయ్యో వంతు. ఖాళీ సీసా తీసుకెళ్లి మూత తీసి మళ్లీ మూస్తే, లోపలికి వచ్చే గాలి అరడజను వాయువులు కొలవడానికైనా చాలదు. పంపుతో నింపుదామంటే పంపు నూనె, రబ్బరు భాగాలు వదిలే వాయువులే కొలతను ముంచేస్తాయి. లక్ష కోట్ల అణువుల్లో ఒకటి రెండు వెతికే చోట అంత మాత్రం మలినం చాలు, శ్రమంతా వృథా. ద్రవ నైట్రోజన్ ఇక్కడ పనికిరాదు. మైనస్ 196 దగ్గర నైట్రోజన్ ఆవిరి పీడనం ఒక వాతావరణం ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి పీడనం అందులో ఎనభయ్యో వంతు అయినప్పుడు అది ద్రవంగా మారే ప్రశ్నే లేదు.

జర్మనీలో రూపొందిన ఈ తరహా శాంప్లర్‌లో అందుకే ద్రవ నియాన్ వాడారు. దాని ఉష్ణోగ్రత మైనస్ 246 డిగ్రీలు. ఆ చలిలో నైట్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్ అన్నీ గట్టి మంచుగా మారిపోతాయి. ఒక థర్మాస్ లాంటి పెద్ద పాత్రలో ద్రవ నియాన్, అందులో మునిగి ఉన్న స్టీలు గొట్టాలు. అనుకున్న ఎత్తుకు చేరగానే నేల మీద నుంచి రేడియో ఆదేశంతో ఒక గొట్టం వాల్వు తెరుచుకుంటుంది. లోపలికి వచ్చిన గాలి వచ్చినట్టే గోడకు మంచుగా అతుక్కుంటుంది, లోపల పీడనం దాదాపు సున్నాకి పడిపోతుంది, ఆ ఖాళీలోకి ఇంకా గాలి దూసుకొస్తుంది. చలి తానే పంపు అయింది. కదిలే భాగం లేదు, నూనె లేదు, రబ్బరు లేదు. చాలినంత గాలి చేరాక వాల్వు మూసుకుంటుంది. తర్వాతి ఎత్తుకు తర్వాతి గొట్టం. బెలూన్ ప్లాస్టిక్ నుంచి వచ్చే వాయువులు కలవకుండా పరికరాన్ని చాలా కిందికి వేలాడదీస్తారు, నమూనాలు చాలావరకు దిగేటప్పుడే సేకరిస్తారు. పారాచూట్‌తో నేలకు చేరి గొట్టాలు వేడెక్కాక, లోపల గాలి గట్టి పీడనంతో ఉంటుంది. ప్రయోగశాలలో ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తీసి కొలుచుకోవచ్చు.

ఆ చలికి లొంగనివి హీలియం, హైడ్రోజన్, నియాన్ మాత్రమే. వాటి లెక్క ఈ పద్ధతిలో రాదు. ఆ నియాన్ కూడా గాలి నుంచి తీసిన లేశమాత్ర వాయువే, గాలిలో దాని వాటా 18 పీపీఎం. ఇంత ఖరీదైన ద్రవాన్ని సమకూర్చుకుని, బెలూన్‌కు అనువైన గాలి వాలు కోసం కాచుకుని, రాత్రికి రాత్రి సిద్ధం చేసి ఎగరేయడం మాటలు కాదు. తెలుగు పత్రికల్లో ఈ ప్రయోగాలకు దక్కాల్సినంత చోటు దక్కలేదు.

మైనస్ 165 దగ్గర ఆగడం

నేల మీది కేంద్రాల్లో ఫ్లోరిన్ వాయువులను కొలిచే పనిలో ప్రస్తుతం ముందున్నది ఏగేజ్ అనే అంతర్జాతీయ బృందం. 1978లో మొదలైన ఈ ప్రయత్నానికి ఐర్లాండ్‌లోని మేస్ హెడ్, బార్బడోస్‌లోని రాగ్డ్ పాయింట్, కేప్ గ్రిమ్, కొరియాలోని గోసాన్ వంటి చోట్ల కేంద్రాలున్నాయి. వీటిలో పనిచేసే పరికరం పేరు మెడూసా. రెండు లీటర్ల గాలి తీసుకుని, అందులోని పదుల కొద్దీ వాయువులను ఒకే విడతలో వేరుచేసి కొలుస్తుంది.

దీని ముందుతరం పరికరం విద్యుత్‌తో చల్లబడే పెల్టియర్ పలకలతో మైనస్ 50 వరకే దిగేది. చాలా సీఎఫ్‌సీలకు అది సరిపోయింది. అల్యూమినియం పరిశ్రమ నుంచి వచ్చే కార్బన్ టెట్రాఫ్లోరైడ్ మాత్రం దొరకలేదు. దాని మరుగు స్థానం మైనస్ 128, గాలిలో ఉండేది లక్ష కోట్లలో ఎనభై చిల్లర. వాతావరణంలో దాని ఆయుష్షు సుమారు 50 వేల ఏళ్లు. ఒకసారి విడుదలైతే మనిషి చరిత్ర మొత్తానికి మించిన కాలం ఉండిపోయే వాయువును కొలవకుండా వదిలేయడం కుదరని పని. మెడూసా మైనస్ 165కి దిగింది. ఇంకా కిందికి ఎందుకు వెళ్లలేదంటే మైనస్ 183 దగ్గర ఆక్సిజన్ ద్రవమవుతుంది, గాలి మొత్తం ట్రాప్‌లోకి వచ్చి పడుతుంది. పైన ఆగితే కార్బన్ టెట్రాఫ్లోరైడ్ జారిపోతుంది. మైనస్ 165 దగ్గర కూడా అంత పలచటి వాయువు తనంతట తాను గడ్డకట్టదు కాబట్టి, ట్రాప్‌లో అణువులను తన ఉపరితలానికి అతికించుకునే పాలిమర్ పూసలు నింపుతారు. ఆ తర్వాత ట్రాప్‌ను మెట్లు మెట్లుగా వేడిచేస్తే ఒక్కో వాయువు తన వంతు వచ్చినప్పుడు విడుదలవుతుంది. మొదట వచ్చే కార్బన్ టెట్రాఫ్లోరైడ్‌ను రెండో చిన్న ట్రాప్‌లో మళ్లీ పట్టి, వెంటవచ్చిన గాలి నుంచి వేరుచేస్తారు.

ఇందులో ద్రవ నైట్రోజన్ చుక్క కూడా లేకపోవడం పెద్ద విషయం. చలినిచ్చేది కొన్ని వాయువుల మిశ్రమంతో మూసి ఉన్న వలయంలో తిరిగే కంప్రెసర్ యంత్రం. సముద్రపు గట్టున, ధ్రువాల దగ్గర ఉన్న కేంద్రాలకు వారం వారం ద్రవ నైట్రోజన్ చేరవేయడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఈ మార్పు విలువ తెలుస్తుంది. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి మనిషి పక్కన లేకుండా కొలత సాగడం దీనివల్లే వీలైంది.

ఈ కొలతలు ఏం చేయగలవో చెప్పడానికి హెచ్‌ఎఫ్‌సీ-23 ఉదంతం చాలు. ఏసీల్లో వాడే హెచ్‌సీఎఫ్‌సీ-22 తయారయ్యేటప్పుడు అనుకోకుండా పుట్టే వాయువు ఇది. మరుగు స్థానం మైనస్ 82. భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే పన్నెండు వేల రెట్లకు పైనే. చైనా, భారత్ దీన్ని కాల్చి నాశనం చేసే చర్యలు ప్రకటించాయి. భారత ప్రభుత్వం 2016 అక్టోబరులో కంపెనీలకు ఆదేశాలిచ్చింది. ఆ లెక్కన ప్రపంచంలో దీని విడుదల దాదాపు పూర్తిగా తగ్గిపోవాలి. 2020లో వచ్చిన పరిశోధన అందుకు భిన్నంగా చెప్పింది. 2018లో 15,900 టన్నులు గాలిలో కలిశాయని, చరిత్రలో అదే అత్యధికమని ఏగేజ్ కొలతలు తేల్చాయి. అంతకుముందు సీఎఫ్‌సీ-11 విషయంలోనూ ఇలాగే జరిగింది. 2010 నాటికి తయారీ ఆగిపోవాల్సిన ఆ వాయువు 2012 తర్వాత మళ్లీ పెరుగుతోందని 2018లో అమెరికా శాస్త్రవేత్తలు బయటపెడితే, 2019లో గోసాన్, జపాన్‌లోని హతెరుమా కేంద్రాల కొలతలు ఆ పెరుగుదలలో పెద్ద వాటా తూర్పు చైనాదని చూపించాయి. ఆ తర్వాత విడుదల మళ్లీ తగ్గింది. నివేదికల్లో ఏం రాసినా గాలి ఏం చెబుతోందో వినగలగడం ఎంత అవసరమో ఇక్కడే అర్థమవుతుంది.

డిటెక్టర్ తన వేడిని తానే చూడకుండా

ఉపగ్రహాల్లో చలి అవసరం వేరు. అక్కడ గాలిని పట్టేది లేదు, దాని నుంచి వచ్చే కాంతిని చదవడమే. 27 డిగ్రీల దగ్గర ఉండే ప్రతి వస్తువూ పరారుణ కాంతిని వెలువరిస్తుంది, దాని తీవ్రత 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువ. మీథేన్ గుర్తులు 7.7 మైక్రాన్ల దగ్గర, కార్బన్ డయాక్సైడ్ గుర్తులు 15 దగ్గర ఉంటాయి. పరికరం అద్దాలు, గోడలు, డిటెక్టర్ అన్నీ చదవాల్సిన చోటే వెలుగుతున్నాయి. దానికి తోడు డిటెక్టర్ లోపల వేడి వల్లే ఎలక్ట్రాన్లు ఎగిరి, కాంతి పడకపోయినా పడినట్టు సిగ్నల్ పుట్టిస్తాయి. 10 మైక్రాన్ల కాంతికి తగిన డిటెక్టర్‌ను గది ఉష్ణోగ్రత నుంచి మైనస్ 196కి దించితే, ఇలా ఎగరగల ఎలక్ట్రాన్ల అవకాశం పది లక్షల రెట్ల మేర పడిపోతుంది. ఆ తగ్గుదల లేకుండా లేశమాత్ర వాయువు సిగ్నల్ ఈ దొంగ సిగ్నళ్లలో మునిగి ఉంటుంది.

1991లో అమెరికా పంపిన యూఏఆర్‌ఎస్ ఉపగ్రహంలోని క్లేస్ పరికరం గడ్డకట్టిన నియాన్, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ మోసుకెళ్లింది. ఓజోన్‌ను దెబ్బతీసే వాయువుల గురించి అమూల్యమైన సమాచారం ఇచ్చి, 1993 మేలో ఆ మంచు అయిపోగానే ఆగిపోయింది. ఉపగ్రహం అప్పటికి బాగానే ఉంది, చలే అయిపోయింది. ఆ తర్వాతి తరం యాంత్రిక కూలర్లకు మారింది. 2002లో వెళ్లిన ఎయిర్స్ పరికరం డిటెక్టర్లు పల్స్ ట్యూబ్ కూలర్లతో 58 కెల్విన్ దగ్గర, అంటే సుమారు మైనస్ 215 దగ్గర ఏళ్ల తరబడి నడిచాయి. 2017లో వెళ్లిన ట్రోపోమి పరికరం కొంత వేరు దారి పట్టింది. మీథేన్‌ను చదివే డిటెక్టర్‌ను చల్లని అంతరిక్షం వైపు తిప్పిన పలక ద్వారా, కదిలే యంత్రం లేకుండానే మైనస్ 133 దగ్గర ఉంచుతుంది.

చల్లగా ఉన్న చోటికి చెమ్మ చేరుతుందన్న నియమం అంతరిక్షంలోనూ తప్పదు. 2014లో వెళ్లిన, కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే ఓసీఓ-2 ఉపగ్రహం డిటెక్టర్లు సుమారు 120 కెల్విన్ దగ్గర పనిచేస్తాయి. పరికరం భాగాల్లో ఇంకి ఉన్న కొద్దిపాటి నీటి ఆవిరి మెల్లగా వచ్చి అక్కడ పలచటి మంచు పొరగా చేరుతుంది. సిగ్నల్ తగ్గుతుంది. అప్పుడప్పుడు కొలతలు ఆపి, వేడిచేసి, ఆ మంచును తొలగించి, మళ్లీ చల్లబరిచి సరిచూసుకోవాల్సి వస్తుంది.

లేజర్ పరికరాలు మాత్రం చాలావరకు ఈ బాధ నుంచి బయటపడ్డాయి. పాత సీసపు లవణాల లేజర్లకు ద్రవ నైట్రోజన్ స్థాయి చలి కావాల్సి వచ్చేది. 1994లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన క్వాంటమ్ క్యాస్కేడ్ లేజర్లు కొన్నేళ్లలోనే పెల్టియర్ పలకతో సరిపెట్టుకున్నాయి. అద్దాల మధ్య కాంతిని కిలోమీటర్ల కొద్దీ తిప్పే రింగ్-డౌన్ పరికరాల్లో గాలి గదిని 45 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచుతారు. చల్లగా ఉండటం కంటే ఒకేలా ఉండటం ముఖ్యమైంది. షాద్‌నగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఆవరణలో 2014లో కార్బన్ డయాక్సైడ్, మీథేన్‌లను కొలిచింది లేజర్ పరికరంతోనే. ఇవి నీటిని కూడా అక్కడే కొలిచి లెక్క సరిచేసుకుంటాయి. అయినా మూడు శాతం తేమ ఉన్న గాలిలో ఆ సవరణనే పూర్తిగా నమ్ముకోవడం కంటే ముందే గాలిని ఎండబెట్టడం మేలు. పరికరం కొనడానికి డబ్బు దొరికినంత తేలిగ్గా దాని ముందు ఉండాల్సిన ట్రాప్‌కీ, ప్రామాణిక సిలిండర్లకీ దొరకకపోతే కొలత మీద నమ్మకం సగమే.

చలినిచ్చే వాయువుల చిక్కు

స్ట్రాటోస్ఫియర్‌లో నీరు కూడా లేశమాత్ర వాయువే, పది లక్షల్లో నాలుగైదు. ఉష్ణమండలం మీద 17 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత మైనస్ 80 ప్రాంతంలో ఉంటుంది. పైకెక్కే గాలి అక్కడ తన తేమను మంచుగా వదిలేసి పొడిగా పైకి వెళుతుంది. వాతావరణానికి తన సొంత కోల్డ్ ట్రాప్ ఉందన్నమాట. 1949లో శాస్త్రవేత్త అలన్ బ్రూవర్ స్ట్రాటోస్ఫియర్ ఎందుకంత పొడిగా ఉందో ఆలోచించే ఈ సంగతి పట్టుకున్నాడు.

ఆ కాస్త నీటిని కొలవడానికి బెలూన్‌కు కట్టి పంపే పరికరంలో చిన్న అద్దం ఉంటుంది. దాన్ని చల్లబరిచి, మీద పలచటి మంచు పట్టేలా చేసి, ఆ మంచు పెరగకుండా తరగకుండా ఉండేలా హీటర్‌తో నిలబెడతారు. అప్పటి అద్దం ఉష్ణోగ్రతే లెక్క. అమెరికాలోని బౌల్డర్ మీద ఈ రకం కొలతలు 1980 నుంచి సాగుతున్నాయి. 2016 ఆగస్టులో నైనితాల్ నుంచి కూడా రుతుపవనాల కాలంలో ఇలాంటి బెలూన్లు ఎగిరాయి. ఆ అద్దానికి చలినిచ్చే ద్రవంగా దశాబ్దాలపాటు వాడింది హెచ్‌ఎఫ్‌సీ-23నే. కొలిచి తిరిగి రాని బెలూన్‌తోపాటు అదంతా గాలిలో కలుస్తుంది. పరిశ్రమ వదిలేదాంతో పోలిస్తే అది లెక్కలోకి రానంత తక్కువే. అయినా వాతావరణాన్ని కాపాడటానికి చేసే కొలత అదే వాయువును వదలకూడదని శాస్త్రవేత్తలు డ్రై ఐస్, ఆల్కహాల్ మిశ్రమం వైపు మళ్లారు. స్విట్జర్లాండ్‌లో పెల్టియర్ పలకతోనే అద్దాన్ని చల్లబరిచే నమూనా తయారైంది.

డ్రై ఐస్ నేల మీద మైనస్ 78.5 వరకే ఇస్తుంది. పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గి అది ఇంకా చల్లబడుతుంది, 16 కిలోమీటర్ల ఎత్తున మైనస్ 100 దాకా దిగగలదు. అద్దం మీద మంచు నిలవడానికి ఆ ఎత్తున మైనస్ 80కి కిందే ఉండాలి. కింద వెచ్చటి తేమగాలి, పైన మైనస్ 80 ప్రాంతంలో ఉండే అతి చల్లని పొర. ఒకే బెలూన్ గంటన్నరలో రెండింటినీ దాటాలి. బౌల్డర్ మీద, స్విట్జర్లాండ్ మీద బాగా పనిచేసిన చల్లబరిచే ఏర్పాటుకు ఇంతకంటే కష్టమైన పరీక్ష లేదు. హైదరాబాద్ బెలూన్ కేంద్రం, తిరుపతి దగ్గరి గాదంకి వాతావరణ పరిశోధనశాల ఉన్నది సరిగ్గా ఆ పొర కిందే. కొత్త ద్రవాలు, కొత్త కూలర్లు ముందుగా ఇక్కడి నుంచి ఎగరాలని అడగడానికి అంతకు మించిన కారణం అక్కర్లేదు.